లింకన్ ఊరి పాత జైలు (న్యూ మెక్సికో): బిల్లీ ది కిడ్‌ని ఉంచింది జైల్లోనేనా?

ఎడారి_దారి (డల్లాస్)

పోయిన లాంగ్ వీకెండ్‌కి వైట్ శాండ్స్ వెళ్ళాం. తిరిగొచ్చేటప్పుడు రాజ్‌వెల్ వైపు వస్తూ హోండో దగ్గర పక్కకి తిరిగి లింకన్ చూసొచ్చాం. పాత కౌబాయ్ రోజుల పేరుమోసిన బందిపోటు బిల్లీ ది కిడ్ జైలు నుంచి తప్పించుకున్న ఊరని పిల్లలు పట్టుబట్టారు.

ఊరంటే ఒక్కటే వీధి, అదే హైవే. అటూ ఇటూ మట్టి ఇళ్ళు, మధ్యలో గుండ్రటి రాతి బురుజు, పడమటి కొసన రెండంతస్తుల పెద్ద భవనం. దాన్ని పాత కోర్టు అంటున్నారు. లోపల మెట్ల దగ్గర గోడకి బుల్లెట్ దిగిన గుంత ఉంది. బయట ఇద్దరు డిప్యూటీలు చనిపోయిన చోట గుర్తుగా రాళ్ళున్నాయి. అన్నీ చూశాం గానీ జైలు మాత్రం నాకు కనపడలేదు. కటకటాలు లేవు, సెల్ లేదు. అతన్ని ఉంచింది మేడ మీద ఈశాన్యం మూల గదిలోనట. మామూలు గది, దానికి వీధిలోకి కిటికీలు. ఉరిశిక్ష పడ్డవాణ్ణి అలాంటి గదిలో ఎవరైనా పెడతారా? ఊరికి వేరే జైలు ఉండేదా? తెలిసినవాళ్ళు చెప్పండి.

---

గన్నవరం_గన్

ఈశాన్యం మూల గది ఇచ్చారంటే మనోడికి దేవుడి గది ఇచ్చినట్టే. అందుకే కలిసొచ్చింది. నైరుతిలో పెట్టి ఉంటే కథ వేరేగా ఉండేది 😀

---

పాతకచేరి (ఆల్బుకర్కీ)

ఎడారి_దారి గారూ, మీరు చూసింది జైలుగా కట్టింది కాదు, కోర్టుగా కట్టిందీ కాదు. అది ఒక కొట్టు. ఈ సంగతి వదిలేస్తే ఆ ఊరి కథ సగమే అర్థమవుతుంది, కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తున్నా.

ఐర్లండ్ నుంచి వచ్చిన లారెన్స్ మర్ఫీ అనే మాజీ సైనికుడు, ఎమిల్ ఫ్రిట్జ్ అనే జర్మన్ భాగస్వామితో కలిసి ఫోర్ట్ స్టాంటన్‌లో వ్యాపారం చేసేవాడు. ఆ కోట లింకన్‌కి పడమరగా తొమ్మిది మైళ్ళ దూరంలో ఉంటుంది. 1873లో సైన్యం అతన్ని కోట నుంచి ఖాళీ చేయించింది. అప్పుడు లింకన్‌కి వచ్చి ఈ రెండంతస్తుల భవనం కట్టించాడు. కింద కొట్టు, పైన బస, ఫ్రీమేసన్లనే సంఘంవాళ్ళ సభలకు ఒక గది. చుట్టూ అన్నీ పొట్టి మట్టి ఇళ్ళే కావడంతో జనం దీన్ని ‘ది హౌస్’ అనేవాళ్ళు. ఆ పేరు చివరికి ఆ వ్యాపారానికే అంటుకుంది.

ఆ వ్యాపారం ఎలా నడిచేదో మన పల్లెల్లో పెరిగినవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. రైతు విత్తనాలు, పనిముట్లు, గుడ్డలు అక్కడే అరువు తెచ్చుకోవాలి. ధర వాళ్ళు చెప్పిందే. పంట చేతికొచ్చాక మొక్కజొన్న అక్కడే కొలవాలి, ఆ ధరా వాళ్ళు చెప్పిందే. అలా చేరిన సరుకు, మాంసం, పిండి కోటకీ మెస్కలేరో అపాచీలనే ఆదివాసుల కోసం ప్రభుత్వం పెట్టిన ఏజెన్సీ ఆఫీసుకీ ప్రభుత్వ కాంట్రాక్టుల మీద అమ్మేవాళ్ళు. చుట్టుపక్కల నగదు కళ్ళజూసేది సైన్యం దగ్గరే. ఆ నగదుకి దారి ఈ కొట్టు గుమ్మంలోంచే. షెరిఫ్, అంటే కౌంటీ (జిల్లా లాంటిది) పోలీసు పెద్ద, విలియం బ్రాడీ కూడా మర్ఫీకి పాత స్నేహితుడే.

1877లో జాన్ టన్‌స్టాల్ అనే ఇంగ్లండ్ కుర్రాడు, అలెగ్జాండర్ మెక్‌స్వీన్ అనే లాయరుతో కలిసి అదే వీధిలో పోటీ కొట్టు పెట్టాడు. 1878 ఫిబ్రవరి 18న షెరిఫ్ పంపిన మనుషులు టన్‌స్టాల్‌ని కాల్చి చంపారు. ఏప్రిల్ 1న టన్‌స్టాల్ మనుషులు బ్రాడీని అదే వీధిలో పట్టపగలు కాల్చేశారు. వాళ్ళలో బిల్లీ ఒకడు. జులైలో అయిదు రోజులు ఊరు ఊరంతా తుపాకులు పేలాయి. మెక్‌స్వీన్ ఇల్లు తగలబెట్టి, అతన్నీ చంపేశారు. దీన్నే లింకన్ కౌంటీ యుద్ధం అంటారు.

విడ్డూరం ఏమిటంటే కొట్టు కూడా నిలబడలేదు. ఆ ఏడు మొదట్లోనే అప్పుల కింద శాంటా ఫే లాయరు థామస్ కాట్రన్‌కి తాకట్టుకి పోయింది. మర్ఫీ అక్టోబరులో చనిపోయాడు. 1881 నాటికి ఆ భవనం కౌంటీ చేతికొచ్చి, కోర్టుగా మారింది. అంటే ఏ కొట్టు మీద బిల్లీ తుపాకి పట్టాడో, ఉరికోసం రోజులు లెక్కపెట్టింది ఆ కొట్టు మేడ మీదే. ఆ యుద్ధంలో అంతమంది చచ్చినా కోర్టులో శిక్ష పడింది మాత్రం ఇతనొక్కడికే.

---

ఎడారి_దారి

టన్‌స్టాల్ కొట్టు కూడా చూశాం. అప్పటి సరుకు ఇంకా అరల్లో అలాగే ఉంది. కానీ నా ప్రశ్న మిగిలే ఉంది: కోర్టు రాకముందు ఖైదీల్ని ఎక్కడ పెట్టేవాళ్ళు?

---

పాతకచేరి

గోతిలో.

ఇది అతిశయోక్తి కాదు. 1877లో లింకన్‌కి ఒక జైలు కట్టారు, అంటే తవ్వారు. నేలలో పెద్ద గొయ్యి తీసి, చుట్టూ దుంగలు పేర్చి, పైన దుంగలతో కప్పు వేసి మట్టి కప్పారు. లోపలికి దిగడానికి నిచ్చెన. ఖైదీ దిగాక నిచ్చెన పైకి లాగేస్తారు. కాపలావాడు పైన ఉంటాడు. వెలుతురు, గాలి సంగతి మీరే ఊహించుకోండి.

అంత చేసినా అది మనుషుల్ని ఆపలేదు. ఆ ఏడు అక్టోబరులో జెస్సీ ఎవాన్స్ అనే గుర్రాల దొంగనీ అతని ముఠావాళ్ళనీ పట్టుకొచ్చి అందులో దించారు. నవంబరులో వాళ్ళ స్నేహితులు తెల్లవారకముందే గుర్రాల మీద వచ్చి, వాళ్ళని పైకి లాగి తీసుకుపోయారు. షెరిఫ్ కావాలనే పట్టనట్టున్నాడని టన్‌స్టాల్ వర్గం గొడవ చేసింది. మూడు నెలలు తిరిగేసరికి టన్‌స్టాల్‌ని చంపిన గుంపులో ఆ ఎవాన్స్ ఉన్నాడు. గోతి జైలు గట్టిదో కాదో పక్కన పెట్టండి, దాని మూత ఎవరి చేతిలో ఉందన్నదే అక్కడ అసలు సంగతి.

---

గన్నవరం_గన్

గోల్కొండలో రామదాసు చెర గుర్తొచ్చింది. అక్కడ కనీసం పైన కన్నం ఉంది, కీర్తనలు రాసుకున్నాడు.

---

మట్టిమిద్దె (ఫీనిక్స్)

గొయ్యి ఎందుకు తవ్వారో కట్టడం వైపు నుంచి చెప్తాను. నేను పాత మట్టి భవనాల మరమ్మతు పని చేస్తాను.

ఆ ప్రాంతంలో దొరికేది అడోబీ. బంకమట్టి, ఇసుక, గడ్డి కలిపి ఎండలో ఆరబెట్టిన ఇటుక. కాల్చరు. ఎండకి, చలికి అంత మంచి గోడ ఇంకోటి లేదు. కానీ జైలుకి పనికిరాదు. లోపలున్నవాడికి ఒక చెంచా, కాసిని నీళ్ళు, రెండు రాత్రుళ్ళు తీరిక దొరికితే చాలు, గోడకి కన్నం పడిపోతుంది. గోడ ఎంత మందంగా కట్టినా ఆలస్యం అవుతుందే తప్ప ఆగదు. రాయి చెక్కించాలంటే మేస్త్రీలకి డబ్బు కావాలి. ఇనుము తేవాలంటే బండ్ల మీద ఎన్నో వారాల ప్రయాణం. మిగిలింది నేల. నేలలోకి దిగితే అటుపక్క తవ్వి బయటపడే గోడంటూ ఉండదు.

నేనుండే ఆరిజోనాలో ఇదే చిక్కుని ఊరికో రకంగా తీర్చుకున్నారు. క్లిఫ్టన్ అనే రాగి గనుల ఊళ్ళో 1881లో కొండ రాతిని మందుగుండుతో పేల్చి గదులు చేశారు. అది ఇప్పటికీ రోడ్డు పక్కనే ఉంది, దిగి చూడొచ్చు. ఆ పని చేసిన మేస్త్రీ కూలిడబ్బు అందిన సంబరంలో తాగి, తుపాకి పేల్చి, తను తొలిచిన జైల్లోకి తనే మొదటి ఖైదీగా వెళ్ళాడని ఊళ్ళో చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ ఆ కథ లేకుండా ఆ జైలుని ఎవరూ చూపించరు. విక్కెన్‌బర్గ్ వాళ్ళయితే జైలు కట్టే ఖర్చే పెట్టుకోలేదు. ఒక పెద్ద మెస్కీట్ చెట్టుకి గొలుసులతో కట్టేసేవాళ్ళు. ఆ చెట్టూ ఉంది.

తర్వాత రైలు వచ్చిన ఊళ్ళకి సెయింట్ లూయిస్ నుంచి ఇనుప పంజరాలు వ్యాగన్లలో వచ్చేవి. విడిభాగాలు తెచ్చి బోల్టులు బిగించుకోవడమే. లింకన్‌కి రైలు రాలేదు.

---

ఎడారి_దారి

అయితే 1881లో బిల్లీని కూడా గోతిలోనే పెట్టాల్సింది కదా? మేడ మీద ఎందుకు?

---

పాతకచేరి

గోతిని షెరిఫ్ పాట్ గారెట్ నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణం పైన రాశాను. పైగా అతను బిల్లీ సంగతి తెలిసినవాడు. 1880 డిసెంబరులో స్టింకింగ్ స్ప్రింగ్స్ దగ్గర రాతి గుడిసెని చుట్టుముట్టి పట్టుకున్నది అతనే. శాంటా ఫే జైల్లో మూడు నెలలు ఉంచాక మెసియా తీసుకెళ్ళి విచారించారు. బ్రాడీ హత్య కేసులో జడ్జి వారెన్ బ్రిస్టల్ 1881 ఏప్రిల్ 13న శిక్ష వేశాడు. మే 13, శుక్రవారం, లింకన్‌లో ఉరి. ఏప్రిల్ 21న లింకన్ చేర్చారు. అంటే ఒక మనిషిని మూడు వారాలు పట్టి ఉంచాలి, అంతే. దానికి కాళ్ళకి సంకెళ్ళు, చేతికి బేడీలు వేసి, మిగతా ఖైదీలతో కలపకుండా వేరే గదిలో పెట్టి, జేమ్స్ బెల్, బాబ్ ఓలింగర్ అనే ఇద్దరు డిప్యూటీలని కాపలా పెట్టాడు.

ఇందులో ఇంకో చిత్రం ఉంది. ఆ ఊళ్ళో బిల్లీ ఖైదు అదే మొదలు కాదు. 1879 మార్చిలో గవర్నర్ లూ వాలెస్‌తో ఒక ఒప్పందం కుదిరింది. ఛాప్‌మన్ అనే లాయరు హత్యని కళ్ళారా చూశాడు కాబట్టి సాక్ష్యం చెప్తే క్షమాభిక్ష ఇస్తానన్నాడు గవర్నర్. అందుకోసం బిల్లీ ఉత్తుత్తి అరెస్టుకి ఒప్పుకున్నాడు. అప్పుడు ఉంచింది హువాన్ పాత్రోన్ అనే ఊరి పెద్ద ఇంట్లో. ఒక రాత్రి గవర్నర్‌కి పాటలు, వాద్యాలు వినిపించాయి. గుమ్మం దగ్గరికొచ్చి చూస్తే ఊళ్ళో పాటగాళ్ళు ఖైదీ కిటికీ ముందు నిలబడి అతని కోసమే పాడుతున్నారు. ఆయన విస్తుపోయి ఈ విషయాన్ని వాషింగ్టన్‌కి రాసిన ఉత్తరంలో పెట్టాడు. ఊళ్ళో ఎక్కువమంది స్పానిష్ మాట్లాడే పాత కాపురస్తులు, ఆ కొట్టు అరువు పద్దుల కింద నలిగినవాళ్ళు. వాళ్ళ దృష్టిలో ఎవరు దొంగో గవర్నర్‌కి అప్పుడే తెలిసి ఉండాలి.

క్షమాభిక్ష రాలేదు. జూన్‌లో బిల్లీ అక్కణ్ణుంచి నడిచి వెళ్ళిపోయాడు.

---

రిటైర్డ్_వార్డర్ (రాజమండ్రి)

అందరికీ నమస్కారం. చాలాకాలంగా చదవడమే తప్ప రాయలేదు. జైళ్ళ శాఖలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను, ఈ విషయం నా వృత్తిది కాబట్టి ఆగలేకపోతున్నాను.

పాతకచేరి గారు చెప్పిన తేదీల తర్వాత, ఏప్రిల్ 28న బిల్లీ తప్పించుకున్న తీరుని ఎంక్వయిరీ రిపోర్టు రాసేవాడి కళ్ళతో చూడండి. గోడల సంగతి మర్చిపోండి. ఆ రోజు తప్పంతా డ్యూటీ చార్టులో ఉంది.

షెరిఫ్ ఊళ్ళో లేడు. పన్ను వసూలుకి వైట్ ఓక్స్ వెళ్ళాడు. అప్పట్లో లింకన్ కౌంటీ న్యూ మెక్సికోలో దాదాపు నాలుగో వంతు, పన్ను వసూలు కూడా షెరిఫ్ మెడకే. ఇది మనవాళ్ళకి కొత్తేం కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచీ మన సబ్ జైళ్ళు తాలూకా కచేరీ ఆవరణలోనే ఉండేవి. పక్కనే ట్రెజరీ. తహసీల్దారు గారే జైలుకీ పై అధికారి. ఆయన జమాబందీలో ఉంటే జైలు ఎవరు చూస్తారు? ఉన్న వార్డరే.

మిగిలింది ఇద్దరు. భోజనం వేళకి ఓలింగర్ మిగతా ఖైదీల్ని వెంటబెట్టుకుని రోడ్డు దాటి ఎదురుగా ఉన్న వోర్ట్లీ హోటల్‌కి తీసుకెళ్ళాడు. జైల్లో వంట ఏర్పాటు లేదు కాబట్టి ఖైదీల్ని హోటల్‌కి నడిపించారు! ఎస్కార్ట్‌కి ఒకడు పోయాక, ఉరిశిక్ష ఖైదీ దగ్గర మిగిలింది బెల్ ఒక్కడు. ఖైదీ దొడ్డికి వెళ్ళాలన్నాడు. దొడ్డి పెరట్లో ఉంది. ఒక్కడే వార్డరు, మేడ దించి, పెరట్లోకి తీసుకెళ్ళి, మళ్ళీ మెట్లెక్కించాలి. మా దగ్గర కొత్తగా చేరినవాళ్ళకి మొదటి వారంలో చెప్పే మాట: మెట్ల మీద, మలుపు దగ్గర, గుమ్మం దగ్గర ఖైదీ నీ కంటికి మరుగవుతాడు, అక్కడ ఒంటరిగా ఉండొద్దు. ఈ మూడూ అక్కడే ఉన్నాయి.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది ఆయుధాల గది. అదీ మేడ మీదే, ఖైదీ ఉన్న అంతస్తులోనే. ఖైదీని ఉంచిన చోటికీ తుపాకులు ఉంచిన చోటికీ మధ్య కనీసం ఒక తాళం వేసిన గేటు ఉండాలి, ఆ గేటు తాళం లోపలి డ్యూటీవాడి దగ్గర ఉండకూడదు. ఇక్కడ మధ్యలో ఉన్నది ఒక మామూలు తలుపు.

బెల్ మంచివాడని, ఖైదీతో మర్యాదగా ఉండేవాడని అంటారు. నేను చూసినంతలో ఇలాంటి వాటిల్లో దెబ్బతినేది అలాంటివాళ్ళే.

---

గన్నవరం_గన్

సార్, మీ పోస్టు చదివాక కృష్ణ గారి కౌబాయ్ సినిమాల్లో జైలు సీన్లన్నీ మళ్ళీ చూడాలనిపిస్తోంది. అక్కడ మాత్రం తాళాల గుత్తి ఎప్పుడూ నిద్రపోతున్న వార్డరు నడుముకే వేలాడుతుంది.

---

ఎడారి_దారి

వార్డర్ గారూ, మీరు చెప్పాక ఆ మెట్లు వేరేగా కనపడుతున్నాయి. నేను ఫోటో తీసింది సరిగ్గా ఆ మలుపే. మరి తుపాకి ఎలా దొరికింది? మ్యూజియంలో ఒకళ్ళు దొడ్లో దాచిపెట్టారన్నారు, ఇంకొకళ్ళు లాక్కున్నాడన్నారు.

---

పాతకచేరి

మూడు కథలున్నాయి.

గారెట్ 1882లో వేయించిన పుస్తకంలో చెప్పింది: బిల్లీ మెట్లు గబగబా ఎక్కి, బెల్‌కి అందకుండా ముందుకెళ్ళి, ఆయుధాల గది తలుపు భుజంతో తోసి తుపాకి తీసుకుని, తిరిగొచ్చి మెట్ల మీదున్న బెల్‌ని కాల్చాడు. గారెట్ అక్కడ లేడు, గుర్తుపెట్టుకోండి.

రెండోది దొడ్డి కథ. స్నేహితులెవరో అక్కడ పిస్తోలు దాచి, చీటీ అందించారని. ఊళ్ళో సానుభూతిపరులకి కొదవ లేదు కాబట్టి నమ్మబుద్ధేస్తుంది.

మూడోది బిల్లీయే చెప్పాడనేది. పారిపోయాక దారిలో కలిసిన జాన్ మెడోస్ అనే స్నేహితుడు తర్వాత్తర్వాత చెప్పిన జ్ఞాపకం ప్రకారం, బేడీల్లోంచి ఒక చెయ్యి లాగేసి, ఆ బేడీలతోనే బెల్ తల మీద కొట్టి, అతని పిస్తోలే లాక్కున్నాడు. బిల్లీ మణికట్లు లావు, చేతులు చిన్నవి, బేడీ జారిపోయేదని చాలామంది చెప్పారు. బెల్ తల మీద గాయాలున్నాయని అప్పటి కథనాల్లో ఉంది. నా ఓటు మూడోదానికే.

---

రిటైర్డ్_వార్డర్

నా ఓటూ దానికే, కానీ కారణం వేరు. దొడ్లో పిస్తోలు దొరికినవాడు పెరట్లోనే వాడేస్తాడు. అక్కణ్ణుంచి గుర్రాల కొట్టం పక్కనే. సంకెళ్ళతో మళ్ళీ మేడ మెట్లెక్కే పని పెట్టుకోడు. మెట్ల మీద జరిగిందంటే, అవకాశం మెట్ల మీదే దొరికింది.

---

మట్టిమిద్దె

వార్డర్ గారి వాదన బాగుంది. కానీ ఇంకో వైపు నుంచి చూస్తే, పెరట్లో కాలిస్తే ఎదురు హోటల్లో ఉన్న ఓలింగర్ పరిగెత్తుకొచ్చేవాడు, ఇతనేమో సంకెళ్ళతో బయట దొరికిపోయేవాడు. మేడ మీదకి చేరితే చేతికి తుపాకులు, ఎదురుగా కిటికీ. కాబట్టి దొడ్డి కథని పూర్తిగా కొట్టిపారెయ్యలేం.

గోడలో గుంత గురించి ఒక మాట. అంతా దాన్నే ఫోటో తీసుకుంటారు. ఆ భవనం ఆ తర్వాత కోర్టుగా నడిచింది, బడిగా నడిచింది, ఎన్నోసార్లు పూతలు పడ్డాయి, 1930ల్లో ప్రభుత్వం పూర్తిగా బాగుచేసింది. అడోబీ గోడకి పూత ఎప్పటికప్పుడు వెయ్యకపోతే నిలవదు. అన్ని పూతల మధ్య ఒక గుంత మాత్రం చెక్కుచెదరకుండా వచ్చిందంటే, ఎవరో పనిగట్టుకుని కాపాడుకుంటూ వచ్చారనే అర్థం. చూపించడానికి ఒక గుంత ఉండాలి కదా మరి.

---

గన్నవరం_గన్

తర్వాత ఏమైందో ఎవరూ చెప్పరేంటి? ఓలింగర్ సంగతి?

---

పాతకచేరి

బెల్ పెరట్లోకి పడుతూ లేస్తూ వచ్చి, గాడ్‌ఫ్రీ గాస్ అనే ముసలాయన చేతుల్లో ప్రాణం వదిలాడు. గాస్ జర్మన్. ఒకప్పుడు టన్‌స్టాల్ దగ్గర వంటవాడు, అప్పుడు ఆ భవనం వెనకాలే ఉంటున్నాడు. చప్పుడు విని ఓలింగర్ హోటల్ నుంచి రోడ్డు దాటి వచ్చాడు. పై కిటికీలో అతని డబుల్ బ్యారెల్ తుపాకితోనే బిల్లీ కాచుకుని ఉన్నాడు. అది మీరు చూసిన ఈశాన్యం గది కిటికీయే. కాల్చాక తుపాకి విరగ్గొట్టి అతని మీదకే విసిరేశాడు.

ఇక్కణ్ణుంచి పరుగులు, వెంటాడటాలు ఉంటాయనుకుంటాం. అవేం లేవు. బిల్లీ అడిగితే గాస్ ఒక గునపం లాంటి పనిముట్టు పైకి విసిరాడు. దాంతో సంకెళ్ళు తెంపడానికి గంటసేపు పట్టింది, అదీ ఒక కాలికే. రెండో కాలి గొలుసు నడుముకి కట్టుకున్నాడు. కౌంటీ క్లర్కు ఆఫీసులో పనిచేసే బిల్లీ బర్ట్ గుర్రాన్ని గాస్ తెచ్చిపెట్టాడు. గొలుసు చప్పుడుకి బెదిరి అది మొదట కింద పడేసింది. మళ్ళీ పట్టి తెచ్చారు, మళ్ళీ ఎక్కాడు. వీధిలో జనం నిలబడి చూశారు, ఒక్కరూ అడ్డుపడలేదు. గుర్రాన్ని తర్వాత ఊళ్ళోకి పంపించేశాడు.

శాంటా ఫేకి ఈ వార్త వెంటనే అందలేదు. ఏప్రిల్ 30న, అంటే ఖైదీ పోయిన రెండు రోజులకి, గవర్నర్ వాలెస్ ఉరి వారెంటు మీద సంతకం చేశాడు. జులై 14 రాత్రి ఫోర్ట్ సమ్నర్‌లో పీట్ మాక్స్‌వెల్ ఇంటి చీకటి గదిలో గారెట్ బిల్లీని కాల్చాడు.

---

గన్నవరం_గన్

ఎడమచేతివాటం వాడంటారు కదా, పిస్తోలు ఎడమచేత్తో లాక్కున్నాడా? అతని ఫోటో కోట్లకి అమ్ముడుపోయిందని చదివా. అసలు గారెట్ చంపింది అతన్ని కాదనీ, ముసలాడయ్యే దాకా టెక్సస్‌లో బతికాడనీ కూడా...

---

మోడరేటర్

చచ్చాడా బతికాడా చర్చకి వేరే దారం ఉంది, వెయ్యికి పైగా పోస్టులతో. దయచేసి అక్కడికి. ఫోటో విషయం: అది రేకు మీద తీసిన టిన్‌టైప్, అందులో బొమ్మ అద్దంలోలా తిరగబడి పడుతుంది, ఎడమచేతివాటం మాట అందులోంచే పుట్టింది. 2011 వేలంలో 23 లక్షల డాలర్లకి పోయింది. ఇక జైలు గురించే మాట్లాడుకుందాం.

---

ఎడారి_దారి

చివరి సందేహం. కౌంటీ కోర్టున్న ఊరు అంత చిన్నదిగా ఎలా మిగిలిపోయింది? పట్టుమని వంద మంది కూడా ఉన్నట్టు లేరు.

---

పాతకచేరి

1899లో రైలు వచ్చింది, లింకన్‌కి కాదు, పడమరగా ఉన్న కారిజోజోకి. జనం, వ్యాపారం అటు కదిలాయి. 1909లో కౌంటీ కేంద్రం మార్చాలా అని ఓటింగు పెట్టారు, కారిజోజో గెలిచింది. లింకన్ వాళ్ళు ఊరుకోలేదు. ఎన్నిక చెల్లదని కోర్టుకెక్కి, ఆ కేసుని అమెరికా సుప్రీం కోర్టు దాకా లాక్కెళ్ళారు. 1913లో జస్టిస్ హోమ్స్ రాసిన తీర్పుతో ఓడిపోయారు. కచేరీ సామానంతా కారిజోజోకి పోయింది. కొట్టుగా మొదలై కోర్టూ జైలూ అయిన భవనంలో ఆ తర్వాత పిల్లలకి బడి నడిపారు.

నన్నడిగితే ఆ కేసు ఓడిపోవడమే ఊరికి మేలైంది. గెలిచి ఉంటే పాత కోర్టు పడగొట్టి కొత్తది కట్టేవాళ్ళే. కారిజోజోలో కట్టిన ఆ కొత్త కోర్టు కూడా ఇప్పుడు లేదు, తర్వాత దాన్ని పడగొట్టి మరొకటి కట్టారు.

---

మట్టిమిద్దె

దీనితో ఒప్పుకోను. ఊరికి మేలు అనకండి, భవనాలకి మేలు అనండి. అక్కడి పాత కుటుంబాలు పనుల కోసం వెళ్ళిపోయాయి. అడోబీ ఇంట్లో మనిషి ఉంటేనే ఆ గోడ బతుకుతుంది. ఈరోజు ఆ వీధి నిలబడి ఉండటానికి రాష్ట్రం పెట్టే ఖర్చు, కొద్దిమంది చాకిరీ కారణం.

---

రిటైర్డ్_వార్డర్

ఆ గోతి జైలు ఆనవాళ్ళు ఏమైనా కనిపిస్తాయా? మా అబ్బాయి హ్యూస్టన్‌లో ఉంటాడు, వచ్చే ఏడు వస్తే తీసుకెళ్తానంటున్నాడు. నాకు బుల్లెట్ గుంత కన్నా అది చూడాలనుంది.

---

పాతకచేరి

గోతి కోసం అంత దూరం రావద్దు సార్, కోర్టు భవనంలా చూపించడానికి ఏమీ నిలబడి లేదు. కానీ మెట్లు, పెరడు, మూల గది, ఎదురుగా హోటల్ ఉన్న చోటు, ఇవన్నీ ఒకదానికొకటి ఎంత దగ్గరో నిలబడి చూస్తేనే తెలుస్తుంది. ఇప్పుడున్న వోర్ట్లీ పాతది కాలిపోయాక తిరిగి కట్టింది. టన్‌స్టాల్ కొట్టు వెనక టన్‌స్టాల్, మెక్‌స్వీన్‌ల గుర్తుగా రాళ్ళున్నాయి, అవీ చూడండి. ఆగస్టు మొదట్లో ఊరి ఉత్సవం జరుగుతుంది, ఈ తప్పించుకోవడాన్నే వీధి నాటకంలా ఆడతారు. ఆ టైములో వస్తే బస ముందే చూసుకోవాలి. మిగతా రోజుల్లో మ్యూజియం తెరిచే వేళలు కనుక్కుని బయల్దేరండి. మోకాళ్ళు ఎలా ఉన్నాయో చూసుకోండి, మెట్లు నిటారుగా ఉంటాయి.

---

ఎడారి_దారి

వార్డర్ గారూ, పెట్రోలు కాపిటాన్‌లోనో రుయిడోసోలోనో కొట్టించుకోమనండి. పిల్లలు కూడా వస్తుంటే కాపిటాన్‌లో అడవి మంటల పోస్టర్ల మీదుండే స్మోకీ ఎలుగుబంటి సమాధి ఉంది. మావాళ్ళకి బిల్లీ కన్నా అదే ఎక్కువ నచ్చింది.